కొండ అవతలి భుజాలు

ఇటలీలోని ఇంపీరియా జిల్లా ఎలా ఉంటుందో చెప్పడానికి డెల్ఫీనా బడిలో పటం వాడేది కాదు. ఎడమ చెయ్యి బల్ల మీద బోర్లించి వేళ్ళు ఎడంగా చాచమనేది. వేళ్ళు కొండలు, వేళ్ళ సందులు లోయలు, గోళ్ళ అవతల సముద్రం. "ఈ సందులో ఉన్న చీమ పక్క సందులోకి పోవాలి. ఎలా పోతుంది?" అని అడిగేది. పిల్లలు చీమని గోటి దాకా దింపి, చుట్టు తిప్పి, మళ్ళీ పైకెక్కించేవాళ్ళు. ఎవడో ఒకడు మాత్రం వేలు మీంచే దాటించేసేవాడు. "అదీ దారే, కాకపోతే దాని మీద బస్సు నడవదు," అనేది డెల్ఫీనా.

జిల్లా జనాభా రెండు లక్షల పైమాటే. వాళ్ళలో చాలామంది గోళ్ళ మీదే ఉంటారు. రైలూ, ఆసుపత్రీ, పూలు పెంచే గాజు ఇళ్ళూ, హోటళ్ళూ అన్నీ ఆ సముద్రపు అంచునే. వేళ్ళ మొదట్లో మిగిలినవి మోంతారెగ లాంటి ఊళ్ళు. మోంతారెగలో ఇళ్ళకి కొదవ లేదు. వీధి తర్వాత వీధి, మెట్టు మీద మెట్టు, ఒకదాని భుజాన ఒకటి ఎక్కి కూర్చున్నట్టు రాతి ఇళ్ళు. సాయంత్రం దీపం వెలిగేవి మాత్రం చర్చి చుట్టూ ఉన్న కాసినే. బడి మూసేసి చాలాకాలమైంది. ఆఖరున పుట్టిన పిల్లవాడు ఇప్పుడు తీరంలో లారీ తోలుతున్నాడు.

అందుకే లిండిటా కడుపుతో ఉందని తెలిసిన నాటి నుంచి ఆ బిడ్డ ఊరంతటికీ బిడ్డ అయిపోయింది. లిండిటా అల్బేనియా నుంచి వచ్చిన పిల్ల. ఆమె మొగుడు బర్దిల్ సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టే పనివాడు. కొండవాలు పొలాలన్నీ ఆ గోడల మీదే నిలబడి ఉంటాయి. వాటిని కట్టడం తెలిసిన ఊరివాళ్ళు ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు. కాబట్టి బర్దిల్‌కి పనికి లోటు లేదు. మూడేళ్ళ క్రితం వాళ్ళిద్దరూ వచ్చి చర్చి వెనక ఇంట్లో దిగినప్పుడు, ఎదురింటి ఒలింపియా ముసలమ్మ, "పరాయివాళ్ళు, ఎన్నాళ్ళుంటారో," అని పెదవి విరిచింది. ఇప్పుడు అదే ఒలింపియా చలికాలానికని నాలుగు జతల ఉన్ని మేజోళ్ళు అల్లి పెట్టింది.

బిడ్డ కడుపులో తిరగలేదు. కాళ్ళు కిందికి పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో పురుడు పోసుకోవడం కుదరదనీ, కోసి తియ్యాలనీ, నెలలు నిండే వారం ముందే దిగి వచ్చి ఆసుపత్రిలో చేరాలనీ డాక్టరు మరీ మరీ చెప్పింది. ఆ వారం ఇంకా రాలేదు. ముందు వాన వచ్చింది.

నవంబరు వాన రెండు రోజులు కురిసి తెల్లవారుజామున తెరిపిచ్చింది. డెల్ఫీనా పొయ్యి రాజేస్తుండగా ఒలింపియా తలుపు తట్టకుండానే లోపలికొచ్చింది. అలా రావడం ఆవిడకి అలవాటు లేదు.

"డెల్ఫీనా, ఆ పిల్లకి నెప్పులొస్తున్నాయే. రాత్రి నుంచీ అట. నన్ను లేపొచ్చుగా మొద్దుది, ముసలిదాన్ని నిద్ర చెడగొట్టడం ఎందుకని ఊరుకుందట."

"బర్దిల్ ఏడీ?"

"ఎక్కడున్నాడు? మొన్న పనికని తీరానికి దిగాడు, ఇంక రాలేదు. ఎలా వస్తాడు?"

డెల్ఫీనా శాలువా కప్పుకుని బయల్దేరింది. పోయిన ఫిబ్రవరిలో భర్త ఎజియో చనిపోయాక ఆమె ఎవరింటికీ అంతగా వెళ్ళడం లేదు. లిండిటాకి సాయంత్రాలు ఇటాలియన్ భాష నేర్పేది, అదీ మానేసింది. పాఠం లేకపోయినా లిండిటా వస్తూనే ఉంది. చిక్కుళ్ళు పట్టుకొచ్చి వంటింట్లో కూర్చుని, ఏమీ మాట్లాడకుండా వొలిచి, చీకటి పడ్డాక వెళ్ళిపోయేది.

లిండిటా మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. "టీచరు గారూ, తొందరపడుతున్నానేమో. కాసేపటికి తగ్గుతాయేమో," అంది. మాట పూర్తి కాకుండానే ఇంకో నెప్పి వచ్చింది.

తగ్గే నెప్పులు కావవి. డెల్ఫీనాకి పిల్లలు లేరు కానీ, ఆ సంగతి తెలియడానికి పిల్లలుండక్కర్లేదు.

ఇంతలో బాచి వచ్చాడు. బాచి చర్చి తాళాలు పట్టుకునే మనిషి. ఎనభై ఏళ్ళు దాటినా వెన్ను వంగలేదు. పొద్దున్నే రోడ్డు చూడటానికని కిందికి వెళ్ళొచ్చాడు. మోకాళ్ళ దాకా బురద.

"రోడ్డెలా ఉంది బాచి?"

"రోడ్డా? రోడ్డు లేదమ్మా. వాగుంది. మిల్లు దగ్గర కొండ జారి మొత్తం పట్టుకుపోయింది. మనిషి కాలు పెట్టే చోటు కూడా లేదు."

"ఫోను?"

"ఆ స్తంభం కూడా అందులోనే పడుకుంది. కరెంటు రాత్రే పోయింది."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రోడ్డు లేకపోతే సముద్రం లేదు. సముద్రం లేకపోతే ఆసుపత్రి లేదు. మిగిలింది ఒక్కటే. ఊరి వెనక గాడిదల బాట ఎక్కి, కనుమ దాటి, అవతలి లోయలో దిగితే పియావెర్న. ఆ లోయ రోడ్డు వేరు, వాగు వేరు. అక్కడ ఫోనుంటుంది, అంబులెన్సు వస్తుంది. కానీ ఆ బాటన ఈ పిల్లని ఎవరు మోస్తారు? మోంతారెగలో మిగిలిన మగవాళ్ళలో చేతికర్ర లేకుండా నడిచేవాడు బాచి ఒక్కడే.

"నేను పోయి చెబుతాను," అంది డెల్ఫీనా.

"నువ్వు కనుమ ఎక్కి దిగేసరికి పొద్దెక్కుతుంది. వాళ్ళు మళ్ళీ ఎక్కి దిగాలి," అన్నాడు బాచి. "గంట కొడతాను. గాలి అటే వీస్తోంది. ఆపద గంట కొడితే పియావెర్న ఉల్లిపాయలోళ్ళకి వినపడుతుంది. ఎంత చెవిటోళ్ళైనా వినపడుతుంది."

పియావెర్నవాళ్ళని మోంతారెగ ఉల్లిపాయలోళ్ళంటుంది. మోంతారెగవాళ్ళని పియావెర్న మేకలోళ్ళంటుంది. కనుమ మీద గడ్డి ఎవరిదనే తగువు తాతల నాటిది. ఇప్పుడా గడ్డి దాకా పశువుల్ని తోలేవాడు ఏ ఊళ్ళోనూ లేడు. తగువు మాత్రం చెక్కుచెదరలేదు.

బాచి వెళ్ళాడు. డెల్ఫీనా లిండిటా నడుం రాస్తూ కూర్చుంది. ఒలింపియా నీళ్ళు కాస్తానంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఏదో ఒకటి చెయ్యాలి కదా.

గంట మోగింది.

ఒక దెబ్బ. అది మేడల మీంచి, ఖాళీ ఇళ్ళ మీంచి సాగి సాగి అణిగిపోయింది. అది పూర్తిగా అణిగిన తర్వాత ఇంకొకటి. మళ్ళీ నిశ్శబ్దం.

ఒలింపియా చేతిలో గిన్నె దించి గుండెల మీద శిలువ గీసుకుంది. "ఎవరు పోయారు?"

డెల్ఫీనా అప్పటికే లేచింది. ఆపద గంట అలా ఉండదు. ఊపిరి తీసుకోనివ్వకుండా దబదబా కొడతారు. ఇది చావు గంట.

ఆమె చర్చి దాకా దాదాపు పరిగెత్తింది. గోపురం తలుపు తీసి ఉంది. కిందనుంచి చూస్తే బాచి కనబడుతున్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. రెండు చేతులా తాడు లాగి, వదిలి, తల వంచి, ఆ మోత పూర్తిగా పోయేదాకా ఆగి మళ్ళీ లాగుతున్నాడు. తప్పు కొడుతున్నానని అతనికి తెలియదు. ఆదివారాలకీ పండగలకీ మీట నొక్కితే గంట దానంతట అదే మోగుతుంది. చావు గంట ఒక్కటీ చేత్తోనే కొట్టాలని ఊరి పట్టుదల. ఎన్నేళ్ళుగానో బాచి చేతులు ఆ తాడు పట్టుకున్నది దానికొక్కదానికే. చేతులకి తెలిసింది అవి చేస్తున్నాయి.

"బాచీ!" అని కేకెయ్యబోయి ఆగింది డెల్ఫీనా.

ఆపద గంట వింటే పియావెర్న ఏం చేస్తుంది? వానాకాలం ఆపద అంటే వరద. ముందు తమ వాగు చూసుకుంటారు. తమ పొయ్యిలు, తమ పశువుల కొట్టాలు చూసుకుంటారు. తీరానికి ఫోను చేసి, మోంతారెగలో ఏదో అయినట్టుంది చూడండి అంటారు. తీరంవాళ్ళు రోడ్డు మీద బయల్దేరి మిల్లు దగ్గర ఆగిపోతారు. మధ్యాహ్నమవుతుంది.

చావు గంట వింటే మాత్రం ఏం చేస్తారో ఆమెకి బాగా తెలుసు.

మోంతారెగ శ్మశానం ఊరికి పైన ఉంది. మెట్లు తప్ప దారి లేదు. శవపేటిక ఎత్తడానికి సరిపడా మగవాళ్ళు ఊళ్ళో కరువైన నాటి నుంచి, గంట వినగానే పియావెర్న నుంచి ఆరుగురు వస్తారు. పిలవక్కర్లేదు. ఎవరు పోయారో కూడా అడగరు. భుజాన కర్రలూ, తోలు పట్టెలూ వేసుకుని, చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలి కనుమ దాటి వస్తారు. మోసేదాకా తగువు మాట ఎత్తరు. మోశాక గిన్నెడు చిక్కుడు పులుసూ, రొట్టే, ఉప్పు చేపలూ, సారా పెడితే తిని, ధన్యవాదాలు చెప్పించుకోకుండా వెళ్ళిపోతారు. పియావెర్నకి మనుషులు తక్కువైన రోజున మోంతారెగ ఏం మోస్తుందో ఎవరూ మాట్లాడరు.

ఎజియోని మోసింది వాళ్ళే. ఆ రోజు మంచు కురిసింది. మెట్ల మీద ఒక్కసారి కూడా కాలు జారనివ్వలేదు.

అందరికీ అందరి మీదా కోపాలున్న ఈ కొండల్లో అబద్ధం ఆడకూడనిది ఆ గంట ఒక్కటే. మనిషి పోకుండా దాన్ని కొట్టడమంటే ఏమిటో డెల్ఫీనాకి తెలియక కాదు. వచ్చాక వాళ్ళు మొహం మీద ఉమ్మేసి తిరిగిపోయినా అనడానికి మాట ఉండదు. ఆ తర్వాత నిజంగా ఎవరైనా పోతే రాకనూ పోవచ్చు.

పైన తాడు మళ్ళీ కదిలింది. ఆమె మొదటి మెట్టు మీద కూర్చుంది. ఫిబ్రవరి తర్వాత ఈ మోత వినాల్సి వస్తుందేమోనని ఆమె చర్చి వైపు రావడమే మానేసింది. ఇప్పుడు దాని కిందే కూర్చుని ఒక్కొక్క దెబ్బా వింది. ఆపమని అనలేదు. గాలి కనుమ వైపే వీస్తోంది.

చాలు అనిపించాక లేచి వెనక్కి వెళ్ళింది.

"టీచరు గారూ," లిండిటా కళ్ళల్లో భయం. "ఆ గంట ఎందుకలా కొడుతున్నాడు తాత? అది... అది చచ్చిపోతే కదా?"

"మనుషులు రావడానికి," అంది డెల్ఫీనా. "ఊపిరి తీసుకో. మెల్లగా."

ఒలింపియా ఆమె మొహంలోకి చూసింది. అర్థమైనట్టుంది. "సరే, పులుసుకి చిక్కుళ్ళు నానబెట్టలేదు," అని మాత్రం గొణిగింది.

వాళ్ళొచ్చేసరికి మబ్బు కనుమ మీంచి కొంచెం కొంచెంగా దిగుతోంది. ముందు కర్రల చివర్లు కనబడ్డాయి, తర్వాత నల్ల కోట్లు. ఆరుగురు. అందరికన్నా ముందు సెట్టీమియో, నడివయసువాడు, పియావెర్నలో గొర్రెల మంద మిగిలిన ఒకే ఒక్కడు. చర్చి ముందు ఆగి, టోపీ తీసి, మెట్ల మీద నిలబడ్డ డెల్ఫీనాని చూశాడు.

"పంతులమ్మ గారూ, ఎక్కడ?"

ఎవరు అనలేదు, ఎక్కడ అన్నాడు.

"ఎవరూ పోలేదు సెట్టీమియో."

ఆరుగురూ కదలలేదు. బురద కారుతున్న బూట్లు, తడిసిన కోట్లు. వెనకున్న గడ్డం కుర్రవాడొకడు, "ఏంటీ?" అన్నాడు.

"ఎవరూ పోలేదు. లిండిటాకి నెప్పులొస్తున్నాయి. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. రోడ్డు కొట్టుకుపోయింది. ఆసుపత్రికి చేర్చకపోతే ఇద్దరూ దక్కరు."

"అయితే చావు గంట కొడతారా?" కుర్రవాడి గొంతు లేచింది. "మా అమ్మ కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చేస్తోంది అక్కడ! నేను గొడ్లకి మేత వెయ్యకుండా వచ్చాను. మేకలోళ్ళకి సిగ్గూ శరం లేవా? చావుతో ఆటలా?"

గోపురం తలుపులోంచి బాచి బయటికొచ్చాడు. "ఎవడ్రా చావు గంట అన్నది? నేను కొట్టింది ఆపద గంట. దబదబా కొట్టాను. మీ ఉల్లిపాయ చెవులకి అలా వినబడింది!"

"తాతా, పియావెర్న అంతా వింది. కావాలంటే మా వాళ్ళనడుగు."

"మా నాన్న నేర్పిన చేతులివి. నాకు నేర్పుతావా?"

"తప్పు నాది," అంది డెల్ఫీనా. గొంతు పెద్దది చెయ్యలేదు. "బాచికి తెలియలేదు. నాకు తెలిసింది. ఆపలేదు. ఆపద గంటైతే మీరు ఇంత తొందరగా వచ్చేవాళ్ళు కారు. కర్రలూ పట్టెలూ తెచ్చేవాళ్ళు కారు."

బాచి ఆమె వైపు తిరిగాడు. తన రెండు అరచేతులూ చూసుకున్నాడు.

సెట్టీమియో మొహంలో ఏముందో డెల్ఫీనాకి అంతుపట్టలేదు. ఎజియో పేటిక ముందు కుడి కొమ్ము పట్టినవాడు అతనే.

అప్పుడు చర్చి వెనకింటి పై కిటికీలోంచి లిండిటా అరిచింది. అలాంటి అరుపు ఆ వీధి విని ఎన్నేళ్ళయిందో. ఆరుగురూ ఒక్కసారి తలలెత్తారు. గడ్డం కుర్రవాడు కూడా.

సెట్టీమియో కోటు విప్పి మెట్ల గోడ మీద వేశాడు. "నల్లకోటుతో మొయ్యను. విప్పండ్రా అందరూ," అన్నాడు. తర్వాత డెల్ఫీనాతో, "బతికున్నవాళ్ళు కదులుతారు, పంతులమ్మ గారూ. పేటికంత తేలిక కాదు. పడుకోబెట్టడానికి ఏముంది?"



మంచం వెడల్పు, ఆ బాటన పట్టదు. తలుపు రెక్క బరువు. చివరికి బాచి తన కొట్టులోంచి ఆలివ్ వల లాక్కొచ్చాడు. కిందిలోయలో చెట్ల కింద పరిచి కాయలు రాల్చే వల. నాలుగు మడతలు పెట్టి రెండు కర్రల మధ్య ఉయ్యాలలా కట్టారు. ఒలింపియా తన మంచం మీది పరుపూ, రెండు దుప్పట్లూ పట్టుకొచ్చి పరిచింది. లిండిటాని మెల్లగా దింపారు.

"తల ముందు!" ఒలింపియా గట్టిగా అరిచింది. "కాళ్ళు ముందు పెట్టి తీసుకెళ్ళారంటే నేను మీ ఊరొచ్చి ఒక్కొక్కడి చెవీ మెలిపెడతాను. శవం కాదది!"

"తెలుసవ్వా, తెలుసు."

"తెలిస్తే అటు తిప్పండి మరి."

తిప్పారు. అందరికన్నా కాళ్ళలో పసగలవాడు గడ్డం కుర్రవాడే. సెట్టీమియో అతన్ని ముందు పంపేశాడు. "పరిగెత్తు. పియావెర్న చేరగానే అంబులెన్సుకి ఫోను చెయ్యి. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని చెప్పు. చావు అని మాత్రం చెప్పకు, ఫాదరుని పంపిస్తారు." కుర్రవాడు నవ్వలేదు కానీ పరుగందుకున్నాడు.

అతని చోటున బాచి కర్ర పట్టుకోబోయాడు. "నువ్వు గంటలు కొట్టుకో తాతా," అని సెట్టీమియో ఆపేశాడు. డెల్ఫీనా ముందుకొచ్చి పట్టె భుజానికి తగిలించుకుంది. ఎవరూ వద్దనలేదు. వద్దంటే పట్టడానికి ఇంకెవరూ లేరు.

బాట నిలువుగా ఎక్కుతుంది. చెస్ట్‌నట్ చెట్ల కింద ఆకులు తడిసి సబ్బులా జారుతున్నాయి. పట్టె భుజంలోకి దిగబడుతోంది. ముందు ఇద్దరి అడుగుకి తన అడుగు కలపాలని డెల్ఫీనాకి కొంచెం దూరం పోయాక అర్థమైంది. సెట్టీమియో గొంతులో ఏదో మెల్లగా లెక్క నడుస్తోంది. ఆ లెక్కకే అందరి కాళ్ళూ పడుతున్నాయి. వాళ్ళు మెట్ల మీద ఎందుకు జారరో ఆమెకి అప్పుడు తెలిసింది.

సగం దారిలో లిండిటా, "దింపండి... కాసేపు దింపండి, దణ్ణం పెడతాను," అంది.

"దింపడం మాకు అలవాటు లేదమ్మా," అన్నాడు వెనకున్న లావుపాటివాడు ఆయాసపడుతూ. "ఎత్తాక కొండ మీదే దింపుతాం. ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు."

లిండిటా ఏడుస్తూనే నవ్వింది. నవ్వు మధ్యలో నెప్పి వచ్చి వల తాళ్ళు గట్టిగా పట్టుకుంది. ఆరుగురూ ఆగి, కాళ్ళు ఎడం చేసి, కర్రలు కదలకుండా నిలబడ్డారు. నెప్పి పోయాక మళ్ళీ నడిచారు. అలా ఎన్నిసార్లు ఆగారో డెల్ఫీనా లెక్క పెట్టలేదు. నెప్పుల మధ్య ఎడం తగ్గుతోందని మాత్రం అందరికీ తెలుస్తోంది.

కనుమ మీద గాలి వెనక నుంచి తోసింది. అక్కడ తగువు రాయి ఉంది, రెండూళ్ళ సరిహద్దు. దాని అవతల మబ్బు విడిపోయి పియావెర్న పెంకుల కప్పులు కనిపించాయి. ఆ కింద లోయ, లోయ చివర బూడిదరంగులో సముద్రం. ఊరి మొదట్లో తెల్లటి బండి ఒకటి నీలి దీపం తిప్పుకుంటూ ఎక్కివస్తోంది.

"వచ్చింది," అన్నాడు సెట్టీమియో.

దిగేటప్పుడు కాళ్ళు ముందు రావాలి. లేకపోతే తలలోకి రక్తం దిగుతుంది. ఆగి తిప్పారు. "అవ్వకి చెప్పకండి," అన్నాడు లావుపాటివాడు.

అంబులెన్సులో డాక్టరూ, నర్సూ ఎక్కాక ఇంకొకరికి చోటు లేదు. తలుపు మూసేలోగా లిండిటా డెల్ఫీనా వేలు పట్టుకుని వదల్లేదు. నర్సు విడిపించాల్సి వచ్చింది. బండి వంపు తిరిగి కనపడకుండా పోయింది. దాని హారను ఇంకా చాలాసేపు, ఒక్కో మలుపు దగ్గరా వినబడుతూనే ఉంది.

సెట్టీమియో వంటింట్లో అతని భార్య పొయ్యి పక్కన కుర్చీ వేసింది. శనగపిండి రొట్టె పెట్టింది. డెల్ఫీనా తినలేదు. నర్సుకి ఆ ఇంటి నంబరే ఇచ్చి పంపింది, బల్ల మీద ఫోను పెట్టుకుని కూర్చుంది. మోసినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడలకి ఆనుకుని నిలబడ్డారు. గడ్డం కుర్రవాడు గొడ్లకి మేత వేసి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఆమె వైపు చూడటం లేదు. ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళొచ్చు, వెళ్ళడం లేదు.

ఫోను మోగేసరికి కిటికీలోకి ఎండ వచ్చింది.

"టీచరు గారూ!" బర్దిల్ గొంతు. అతను తీరంలోనే ఇరుక్కుపోయాడు కదా, నర్సు కబురు పెడితే ఆసుపత్రికి అందరికన్నా ముందు చేరింది అతనే. అతను అల్బేనియన్‌లో ఏదో అన్నాడు, ఏడ్చాడు, మళ్ళీ ఇటాలియన్‌లోకి వచ్చాడు. "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. లిండిటా బాగుంది, నిద్రపోతోంది. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. ఎలా తెచ్చారు? రోడ్డు లేదు కదా, ఎలా తెచ్చారు?"

"మోసుకొచ్చాం," అంది డెల్ఫీనా. ఫోను బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి. సెట్టీమియో భార్య వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఫిబ్రవరిలో కూడా డెల్ఫీనా ఎవరి ముందూ ఏడవలేదు.

"ఏమైంది?" గడ్డం కుర్రవాడు గుమ్మంలోంచి భయంగా అడిగాడు.

"ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం."

వంటిల్లంతా ఒక్కసారి మాట్లాడింది. లావుపాటివాడు గోడ మీంచి జారి నేల మీదే కూర్చుండిపోయాడు. సెట్టీమియో సారా సీసా తీశాడు.

"అంటే పియావెర్న జనాభా ఒకటి పెరిగింది," అన్నాడు గ్లాసులు నింపుతూ.

"ఏం? అది మోంతారెగ పిల్ల," అంది డెల్ఫీనా కళ్ళు తుడుచుకుని.

"తగువు రాయి దాటింది మా భుజాల మీద. దాటాక మా పిల్లే."

"దాటినప్పుడు ఒక భుజం నాది."

"అయితే ఆరో వంతు మీది. మిగతాది మాది. ఎడమ కాలు మీరు తీసుకోండి."

"ఆ కాళ్ళు కిందికి పెట్టబట్టే కదా ఈ గొడవంతా," అంది సెట్టీమియో భార్య. "పాపం, ఆవిణ్ణి తిననివ్వండి."

డెల్ఫీనా రొట్టె తింది. చల్లారిపోయింది. ఇంకో ముక్క అడిగి అదీ తింది.

మోంతారెగకి కబురు అందాలి. ఫోను లేదు. పొద్దు వాలకముందే బయల్దేరింది. సెట్టీమియో తోడొచ్చాడు. గడ్డం కుర్రవాడు కూడా రమ్మనకుండానే కర్ర తీసుకుని వెనక నడిచాడు. కనుమ దాటి చెస్ట్‌నట్ చెట్లలోకి దిగాక అతను, "పంతులమ్మ గారూ," అన్నాడు.

"ఊఁ."

"ఇంకోసారి అలా కొట్టనివ్వకండి."

"కొట్టనివ్వను."

"కొట్టినా వస్తాం లెండి," అన్నాడు మళ్ళీ అతనే. "కానీ కొట్టనివ్వకండి."

చెట్లు పలచబడ్డాక ఊరు కనిపించింది. చర్చి మెట్ల మీద అందరూ ఉన్నారు. నల్ల శాలువాలు, చేతికర్రలు, మధ్యలో నిలువుగా బాచి. బాట మీద ముగ్గురు దిగిరావడం చూసి అందరూ లేచారు. ఇంత దూరం నుంచి మొహాలు తెలియవు. ఖాళీ చేతులతో వస్తున్నారని మాత్రం తెలుస్తుంది. ఎవరూ కదలడం లేదు.

డెల్ఫీనా రాయి మీదకెక్కింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, ఒంట్లో ఉన్న ఊపిరంతా పెట్టి అరిచింది.

"ఆడపిల్లా! ఇద్దరూ బాగున్నారూ!"

కింద చేతికర్రలు పైకి లేచాయి. బాచి మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఒలింపియా గొంతు గాలికి ముక్కలు ముక్కలుగా పైదాకా వచ్చింది.

"ఎన్ని కిలోలే?"

"అడగలేదు!"

"జుట్టుందా?"

"అడగలేదు!"

"అయ్యో! మరి ఇంత దూరం ఎందుకెళ్ళావే!" అంది ఒలింపియా. "దిగండి, దిగండి! పులుసు పొయ్యి మీదుంది. ఆ ఉల్లిపాయలోళ్ళిద్దర్నీ తిన్నగా మా ఇంటికే తీసుకురా!"